మెట్ల కింద నుంచి సిగ్నల్

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ సాయంత్రం రైళ్ల ఆట కలవలేదు. మామయ్య కింద బేస్‌మెంట్‌లో తన కంప్యూటర్‌లో ఆట తెరిచి కూర్చున్నాడు. పైన నా కంప్యూటర్‌లో ఆయన ఆట కనబడనే లేదు. పాత ఆట కదా, ఇలాంటివి అవుతూ ఉంటాయి. ఏం చేస్తాం. సోఫాలో కాళ్లు చాపుకుని టీవీలో కర్లింగ్ పోటీ, అదే మంచు మీద రాళ్లు జారించే ఆట, మొదటి నుంచి చివరిదాకా చూశాను. క్రిస్మస్ తర్వాత ఒక పోటీ పూర్తిగా చూడడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 12, బుధవారం

నిన్న రాసింది చదివి నాకే సిగ్గేసింది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకునే స్థితికి వచ్చాను. అది దానంతటది అవలేదు. నేనే చేశాను.

మా ఆవిడ లారిస్సా సూప్ వడ్డించేలోపు గదిలోకి వెళ్లి, నా కంప్యూటర్‌ని ఇంటి వైఫై నుంచి తీసేసి అతిథుల వైఫైలో పెట్టాను. ఒక్క నొక్కు, అంతే. అతిథుల వైఫైలో ఉన్న కంప్యూటర్‌కి ఇంటర్నెట్ శుభ్రంగా వస్తుంది. ఇంట్లోని మిగతా కంప్యూటర్లు మాత్రం కనబడవు. చుట్టాల పిల్లలు వచ్చి మా ప్రింటర్‌లో కాగితాలన్నీ తగలేయకుండా అలా పెట్టింది కూడా నేనే. ఈ జిల్లా స్కూళ్లలో కంప్యూటర్లు బాగుచేయడం నా ఉద్యోగం. బాగుచేయడం వచ్చినవాడికి చెడగొట్టడం ఎంతసేపు.

ఎందుకు చేశానో కూడా రాసి పారేస్తే ఓ పనైపోతుంది. అక్టోబరులో అత్తయ్య పోయింది. లారిస్సా వాళ్ల నాన్న, అంటే మా ఓరెస్ట్ మామయ్య, ఊళ్లో ఇల్లు అమ్మేసి మా బేస్‌మెంట్‌లోకి వచ్చాడు. పొద్దంతా గోడ చూస్తూ కూర్చుంటున్నాడని, పాత కంప్యూటరొకటి తెచ్చి, ఈ రైళ్ల ఆట వేసి, రోజూ ఆడుకుందాం మామయ్యా అన్నది నేనే. నా నోరే. ఆయన రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. ఆటను ఆటలా ఆడడు, డ్యూటీలా ఆడతాడు. రైలు సిగ్నల్ దగ్గరికి రాగానే మెట్ల కింద నుంచి "పచ్చ!" అని అరుస్తాడు. నేను పైనుంచి "పచ్చ!" అని తిరిగి అరవాలి. లేదంటే రైలు కదిలించడు. నిజం రైళ్లలో అదే పద్ధతట. ఇక్కడ గార్డు కూడా ఇంజన్లోనే ఉంటాడు. ఇద్దరూ సిగ్నల్ చూసి పైకి చెప్పాలి, ఒకరు అన్నది రెండోవాడు తిరిగి అనాలి. నువ్వు తిరిగి చెప్పకపోతే నువ్వు చూశావో కునుకు తీస్తున్నావో నాకెలా తెలుస్తుంది అంటాడు.

పగలంతా టీచర్లకి జవాబులు చెప్పి వస్తాను. వచ్చి, భోజనం నుంచి నిద్రదాకా పచ్చ, పసుపు, ఎరుపు. ఈ రోజు వద్దు మామయ్యా అంటే అయిపోయేది. భార్య పోయిన మనిషితో ఆ ముక్క ఎలా అనాలో నాకు తోచలేదు. అందుకని ఇది. ఒక్క వారం ఊపిరి పీల్చుకుని మళ్లీ మార్చేస్తాను.

ఫిబ్రవరి 15, శనివారం

ఊపిరి పీల్చుకోవడం అంటే ఇదని తెలిస్తే ఆటే ఆడేవాణ్ణి.

పొద్దున్నే కాఫీ కూడా తాగనివ్వకుండా మామయ్య పిలిచాడు. అబ్బాయ్, కాస్త చూసిపెట్టు, నాకేం అర్థం కావడం లేదు అన్నాడు. కిందికి వెళ్లక తప్పుతుందా. వెళ్లి, తెలిసిన జబ్బుకి తెలియని డాక్టర్‌లా నటించాను. తీగ ఊడదీసి మళ్లీ పెట్టాను. రౌటర్ ఆర్పి వెలిగించాను. రెండు చోట్లా ఆట ఒకటే వెర్షనా కాదా చూశాను. ఫైర్‌వాల్ ఆటను ఆపుతోందేమోనని దాన్నీ తెరిచాను. ఆయన నా పక్కనే స్టూల్ వేసుకుని, ప్రతి దానికీ తలాడిస్తూ, మధ్యలో పైకెళ్లి నాకు రొట్టె ముక్క మీద వెన్న రాసి తెచ్చాడు.

మధ్యాహ్నం దాటాక, నీ వైపు అంతా బాగానే ఉంది కదా అని అడిగాడు. బాగానే ఉంది అన్నాను.

ఇన్నాళ్లూ చేసింది ఒక నొక్కు. ఇది నోటితో చెప్పిన అబద్ధం. రెండూ ఒకటి కావని ఆ రొట్టె మింగుతున్నప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈ రోజూ కలవలేదు. నీ సాయంత్రాలన్నీ పాడుచేస్తున్నాను, ఏమీ అనుకోకు అన్నాడు. నాతో.

ఫిబ్రవరి 20, గురువారం

మార్చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు హఠాత్తుగా కలిస్తే ఏం చేశావని అడుగుతాడు. ఏం చెప్పాలో ఆలోచించుకుని రేపు మారుద్దామని లేచాను. బయట మంచు ఊడ్చాను. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను.

ఫిబ్రవరి 22, శనివారం

భోజనాల దగ్గర లారిస్సా, ఆ ఆట సంగతి ఏమైంది నాన్నా అని మామూలుగా అడిగింది. ఆయన చెంచా కింద పెట్టాడు.

"నేనే ఏదో నొక్కి ఉంటానమ్మా. ట్రెవర్ అన్నీ చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది నేనే కదా. నొక్కినట్టు గుర్తు లేదు. ఆ గుర్తు లేకపోవడమే నాకు బాగాలేదు."

లారిస్సా నవ్వేసి, నాన్నా మీ మొహం, నాకూ పాస్‌వర్డ్‌లు గుర్తుండవు అంది. ఆయన నవ్వలేదు. వాసిల్‌కి కూడా ఇలాగే మొదలైంది అన్నాడు.

వాసిల్ ఆయన అన్న. పొలం సగం విత్తేసరికి ట్రాక్టర్ ఎలా ఆపాలో మరిచిపోయి, డీజిలు అయిపోయేదాకా తిరుగుతూనే ఉన్నాడట. చివరికి భార్యని ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఆయనే ఎత్తాడు, నా మూలంగా.

ఆ క్షణంలో చెప్పి ఉంటే అక్కడితో పోయేది. ఇంకొంచెం సూప్ వేయమన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

మార్చేశాను. చర్చి నుంచి రాగానే, కోటైనా విప్పకుండా వెళ్లి మార్చేశాను. ఇంటి వైఫై. సాయంత్రం కూర్చుంటే ఆయన ఆట ఠక్కున కనబడింది. "పచ్చ!" అని కింద నుంచి కేక. ఇంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు నేను. బరువు దిగింది. అయిపోయింది. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

నిన్న ఏం చేశావని అడిగాడు. ఏమీ చేయలేదు మామయ్యా, దానంతటదే కలిసింది అన్నాను. తల ఊపాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే, ఎందుకంత నెమ్మదిగా ఊపాడా అనిపిస్తోంది.

మార్చి 1, శనివారం

మామయ్య తన కారు తాళాలు లారిస్సా చేతిలో పెట్టాడు. అడక్కుండానే. చలికాలం అయ్యేదాకా మీ దగ్గర ఉంచు అన్నాడట. ఇక్కడ చలికాలం ఎప్పుడు అయిపోతుందో ఎవరికి తెలుసు.

ఆట ఆడాం. ఎర్ర సిగ్నల్‌ని పచ్చ అన్నాడు. వెంటనే దిద్దుకున్నాడు. ముందు కూడా అప్పుడప్పుడూ అలా అనేవాడు. అనేవాడే. ముందు నేను లెక్కపెట్టుకోలేదు, అంతే.

మార్చి 4, మంగళవారం

లారిస్సా గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఏడ్చింది. చర్చి వెనకాల ఉన్న వృద్ధుల నివాసంలో ఒక గది ఖాళీ అవుతోందట. ఈస్టర్ కల్లా వెళ్లిపోతానని వాళ్ల నాన్న తానే ఫోన్ చేసి మాట్లాడుకున్నాడట. బుర్ర బాగున్నప్పుడే నా నిర్ణయం నేను తీసుకుంటాను, తర్వాత మీ నెత్తిన పడను అన్నాడట.

నేను మెల్లగా, ఆట కలవకపోవడానికి ఆయనే కారణం కాకపోవచ్చు, మెషిన్లు అలా చేస్తుంటాయి అన్నాను.

"మరి నువ్వే కదా అన్నీ చూశావు? నువ్వేం ముట్టకుండానే కలిసిందని చెప్పావటగా. అంటే, నేను చేసిన తప్పు నేనే మళ్లీ తెలియకుండా సరిచేశాను, ఆ రెండూ గుర్తు లేవు అని నాన్న అంటున్నాడు, ట్రెవర్. ఏం చెప్పను నేను ఆయనకి?"

చెడగొట్టినప్పుడు ఆయన ఒక్క తప్పు మోశాడు. గుట్టుగా బాగుచేసి ఆయన నెత్తిన రెండోది కూడా పెట్టాను. నోరు తెరిచాను. లారిస్సా చేతులు తుడుచుకుని కిందికి, ఆయన దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్కోసారి మనుషులు మనల్ని కాపాడేస్తారు, వద్దన్నా.

మార్చి 8, శనివారం

ముగ్గురం వెళ్లి ఆ గది చూశాం. శుభ్రంగానే ఉంది. మంచం, కుర్చీ, కిటికీ. కిటికీలోంచి చూస్తే మంచు కప్పిన పార్కింగ్. రైలు పట్టాలు అటువైపు ఉన్నాయి, కనబడవు. మామయ్య కిటికీ గట్టు మీద జానతో కొలిచి చూసి, టమాటా నారు పెట్టడానికి చోటు చాలదు, పోనీలే, ఈ ఏడు మానేస్తాను అన్నాడు. ఏటా మార్చిలో ఆయన నారు పోస్తాడు. అత్తయ్య జబ్బుపడ్డ ఏడు కూడా మానలేదు.

లారిస్సా ఆఫీసులోకి వెళ్లింది. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. కారులో మేమిద్దరమే, హీటర్ చప్పుడు. పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో టోపీ పెట్టుకుని, దాని అంచు తిప్పుతూ ఉన్నాడు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. అద్దం మీద ఆవిరి తుడిచాను.

నేను పిరికివాణ్ణి. ఇంతకాలం మంచివాణ్ణనుకున్నాను. గట్టిగా మాట్లాడని ప్రతివాడూ మంచివాడేనని అనుకునేవాణ్ణి.

మార్చి 9, ఆదివారం

చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం పెద్ద భోజనం అయ్యాక, లారిస్సా పక్కింటికి వెళ్లినప్పుడు, కిందికి దిగాను. మామయ్య అప్పటికే అట్టపెట్టెల్లో సామాను సర్దుతున్నాడు. నిలబడే అన్నాను, కూర్చుంటే చెప్పలేనని.

"మామయ్యా, ఆట చెడగొట్టింది నేను. మీరు కాదు. మీరు ఏమీ నొక్కలేదు."

ఆయన అర్థం కానట్టు చూశాడు. మళ్లీ చెప్పాను. అతిథుల వైఫై అంటే ఏమిటో, ఏ రోజు మార్చానో, ఏ రోజు తిరిగి పెట్టానో, బాగానే ఉంది అని ఎన్నిసార్లు అన్నానో. చూపించు అన్నాడు. కింద ఆట తెరిచి పెట్టి పైకి వచ్చాం. నొక్కాను, ఆట మాయమైంది. తిరిగి నొక్కాను, వచ్చింది. లే అని నా కుర్చీలో తాను కూర్చుని నొక్కాడు. పోయింది. నొక్కాడు. వచ్చింది. అలా చాలాసేపు నొక్కుతూనే ఉన్నాడు.

ఎందుకు అని అడిగాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. అలసిపోయాను అన్నాను. ఆటతోనా అన్నాడు. ఔనన్నాను. తర్వాత, మళ్లీ అబద్ధం అవుతుందని, మీతో కూడా మామయ్యా, కొంచెం అన్నాను.

"రోజూ పొద్దున లేవగానే నా పేరు, మా ఆవిడ పేరు, నేను పనిచేసిన స్టేషన్ల పేర్లు వరసగా పైకి చెప్పుకుంటున్నాను అబ్బాయ్. ఏదైనా జారిపోయిందేమోనని. ఒక స్టేషన్ రాకపోతే ఆ పూట అన్నం దిగేది కాదు. ఆడాలని లేకపోతే లేదని చెప్పాల్సింది. నేనేం పసిపిల్లాణ్ణా, ఏడుస్తానా?"

అరవలేదు. అరిస్తే బాగుండేది. కిందికి వెళ్లిపోయాడు. అట్టపెట్టెలు విప్పుతున్న చప్పుడు వినబడింది. దానికి సంతోషించడానికి కూడా నాకు ముఖం లేదు.

మార్చి 10, సోమవారం

లారిస్సాకి నేనే చెప్పాను. తన పళ్లెం సింకులో పెట్టి, వృద్ధుల నివాసానికి ఫోన్ చేసి గది వద్దని చెప్పింది. ఆయన కారు తాళాలు తీసుకుని కిందికి వెళ్లింది. నాతో మాట్లాడలేదు.

మార్చి 13, గురువారం

లారిస్సా మాట్లాడింది. మంచు పార ఎక్కడ పెట్టావు అంది.

మార్చి 14, శుక్రవారం

మామయ్య భోజనానికి పైకి వస్తాడు, ఉప్పు అడుగుతాడు, అందిస్తాను. థాంక్స్ అంటాడు. ముందెప్పుడూ ఇంట్లో ఉప్పుకి థాంక్స్ అనేవాడు కాదు. సాయంత్రాలన్నీ నావే ఇప్పుడు. టీవీలో ఏముందో తెలియకుండా చూస్తున్నాను. మెట్ల కింద నుంచి కేక కోసం చెవి అటే ఉంటుంది. సిగ్గులేని చెవి.

మార్చి 16, ఆదివారం

కేక వచ్చింది. పచ్చ అని కాదు. "అల్లుడూ, ఓసారి కిందికి రా" అని.

కిటికీ దగ్గర బల్ల మీద నారు ట్రేలు పరిచి ఉన్నాయి, మట్టి నింపి. చేతులు దులుపుకుంటూ, మళ్లీ చెడగొట్టు అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆటని మళ్లీ చెడగొట్టమంటున్నాడు. ఎక్కడ చెడగొట్టావో చెప్పకు, నేను పట్టుకుంటాను అన్నాడు. రోజూ అక్కర్లేదు, బుధవారం, శనివారం చాలు, మిగతా రోజులు నీ కర్లింగ్ నువ్వు చూసుకో అన్నాడు.

"నువ్వు చెడగొట్టింది ఆటనొక్కటే కాదురా. నా బుర్ర మీద నాకున్న నమ్మకాన్ని చెడగొట్టావు. అది నీ మాటతో తిరిగి రాలేదు, నీ మాటకి ఇప్పుడు విలువ లేదు కదా. నేనే వెతికి పట్టుకుంటే వస్తుంది."

ఒక్క షరతు పెట్టాడు. ఎప్పుడైనా తను 'నువ్వా?' అని అడిగితే నేను నిజం చెప్పాలి. ఔనంటే ఔను, కాదంటే కాదు. నేను అన్నది తను తిరిగి అంటాడు. రైల్లో లాగే. ఆ ఒక్కచోట అబద్ధం ఆడితే ఇక నీతో ఏ ఆటా లేదు అన్నాడు.

సరే అన్నాను.

"సరే," అన్నాడు.

మార్చి 19, బుధవారం

ఫైర్‌వాల్‌లో ఆటకి దారి మూసేశాను. భోజనం అయ్యేలోపు పట్టేశాడు. "నువ్వా?" అన్నాడు. నేనే అన్నాను. "నువ్వే," అన్నాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

మార్చి 22, శనివారం

తీగని సగం ఊడదీసి, పెట్టినట్టే వదిలాను. చిన్నపిల్లల పని అని నన్ను తిట్టి, ఇంకొంచెం బుర్ర పెట్టి చెడగొట్టు అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆడాం. లారిస్సా మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ మా అరుపులు విన్నది. నా కప్పులో కూడా పోసింది.

మార్చి 29, శనివారం

ఆయన కంప్యూటర్‌ని అతిథుల వైఫైలో పెట్టాను, తీగ తీసేసి. ముందు అక్కడే చూశాడు. ఈ దారి నాకు తెలుసులే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను తల దించుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

శనివారమైనా పొద్దంతా స్కూల్లో పని పడి, ఏమీ చెడగొట్టలేదు. చెడగొట్టకుండానే ఆడదామనుకున్నాను. భోజనం అయ్యాక పైన ఆట తెరిస్తే ఆయనది కనబడలేదు. కింద నుంచి హుషారుగా కేక: ఈసారి గట్టిగానే దాచావు, ఇంటర్నెట్ కూడా లేదిక్కడ అని. సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరుస్తూ పాట కూడా పాడుకుంటున్నాడు.

కిందికి వెళ్లాను. చూడగానే తెలిసింది. ఆయన కంప్యూటర్ తీగ గోడవారనున్న చిన్న నెట్‌వర్క్ పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టె దీపాలు ఆరిపోయి ఉన్నాయి. దాని ప్లగ్ నేల మీద ఉంది. అది ఉండాల్సిన చోట టమాటా నారు మీది దీపం ప్లగ్ ఉంది. నారు మొలకెత్తింది, వెలుగు కోసం ఆ బల్లని ఆయనే పొద్దున ఇటు జరిపాడు. జరుపుతుంటే నేను కాఫీ పట్టుకుని చూశాను కూడా.

నేను మెట్ల మీదే నిలబడ్డాను. ఆయన కాసేపటికి తీగ వెంట చేయి పోనిచ్చుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చాడు. "ఓరి నీ! నా టమాటా దీపాన్ని వాడుకున్నావా!" అని పెద్దగా నవ్వాడు. ప్లగ్ తీయబోయి ఆగాడు. దీపం వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. నవ్వు పోయింది. ఇటు తిరిగాడు.

"నువ్వా?"

నేనే అంటే చాలు. ఆ ఒక్క మాట నాకు కొత్త కాదు. అబద్ధం ఆడి ఆయన్ని భయపెట్టినవాణ్ణి, అబద్ధం ఆడి ధైర్యం చెబితే చెల్లుకు చెల్లు అవుతుందని కూడా అనిపించింది. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు అనిపించింది. ఈ మాట ఫిబ్రవరిలో కూడా అనుకున్నానని వెంటనే గుర్తొచ్చింది.

"నేను కాదు మామయ్యా. ఈ రోజు నేనేమీ ముట్టుకోలేదు."

ఆయన స్టూల్ మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ప్లగ్ మరిచిపోవడం ఎవరికైనా అవుతుంది, నేనూ మరిచిపోతాను అని గబగబా ఏదో అంటుంటే చేయెత్తి ఆపాడు. నా ముఖంలోకి చూస్తూ, రైల్లో సిగ్నల్ చెప్పే గొంతుతోనే అన్నాడు.

"నువ్వు కాదు."

తర్వాత లేచి, ఎవరికైనా అవుతుందో నాకే అవుతుందో డాక్టర్‌ని అడుగుదాం, సోమవారం నువ్వు తీసుకెళ్లు, లారిస్సాకి నేను చెప్పుకుంటాను అన్నాడు. దీపానికి ఇంకో సాకెట్ చూడమన్నాడు. చూశాను. పెట్టె ప్లగ్ ఆయనే పెట్టాడు. దీపాలు వెలిగాయి. ఇక పైకి పో, బండి ఆలస్యమవుతోంది అన్నాడు.

పైకి వచ్చి కూర్చున్నాను. ఆయన ఆట కనబడింది. కలిశాను. రైలు మొదటి సిగ్నల్ దగ్గరికి వచ్చింది.

"పచ్చ!" అని కింద నుంచి వినబడింది.

నేను కళ్లు తుడుచుకుంటున్నాను. రైలు కదల్లేదు. ఆయన రెండోసారి అరవలేదు, తొందర పెట్టలేదు, ఎదురు చూశాడు.

"పచ్చ," అన్నాను.